అయిజ జాతరలో నేను వేసిన కేక

నాగర్‌కర్నూలు,
తారణ నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ దశమి.

సౌభాగ్యవతి సాయమ్మకు,

నీ పెనిమిటి బాలకిష్టయ్య నాగర్‌కర్నూలు సత్రం అరుగు మీద కూర్చుని రాస్తున్నాడు. నేను బతికే ఉన్నాను. నువ్వూ, మీ చిన్నమ్మ మల్లమ్మా, నీ తమ్ముడు కురుమూర్తీ వనపర్తిలో క్షేమంగా ఉన్నారని ఎవరూ చెప్పకపోయినా నేనే అనుకుని కాలం గడుపుతున్నాను. ఇది మూడో ఉత్తరం. మొదటి రెండూ చేరలేదనుకోవడానికి లేదు. పోస్టు జవాను నా ఎరుకలోనివాడే, నీ చేతికే ఇచ్చానని ఒట్టేసి చెప్పాడు. నీకు చదువు రాదు, కురుమూర్తి నా ఉత్తరం ముట్టడు, కనుక ఎదురింటి లక్ష్మీదేవమ్మగారే చదివి వినిపిస్తూ ఉండాలి. అమ్మా లక్ష్మీదేవమ్మగారూ, దగ్గు వస్తే ఆగి దగ్గండి, ఫరవాలేదు, వాక్యాలు మాత్రం మింగకండి. పదివేలమందికి వినబడేలా అరిచి బతికినవాణ్ణి, పెళ్ళానికి ఒక మాట చెప్పుకోవడానికి ఇంకొకరి నోరు అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

నా సంగతి చెబుతాను. వారం వారం దొరికిన లారీ ఎక్కి పెబ్బేరు పశువుల సంతకు పోతున్నాను. అక్కడ నా గొంతుకు ఇంకా కాస్త గిరాకీ ఉంది. తప్పిపోయిన దూడ ఎవరిది, పగ్గాలు ఏ వరసలో అమ్ముతున్నారు, పళ్ళపొడి సాయిబు ఎక్కడ కూర్చున్నాడు, ఇవన్నీ కేకేసి చెప్పడం నా పని. పోయిన సంతలో నోరు ఊరుకోక ఒక కోడెను గోదాలోకి పహిల్వాన్‌ను పిలిచినట్టు పిలిచాను. మెడ చూడండి, జబ్బ చూడండి, ఎడమకాలు ముందుకు పెట్టి నిలబడిన తీరు చూడండి అన్నాను. జనం మూగి నవ్వారు. కోడె బెదిరి పలుపు తెంపుకుని చొప్ప బండి మీదికి ఉరికింది. దాని యజమాని ధరూరు రైతు, నన్నెరిగినవాడిలా ఉన్నాడు, నా రేకు బాకా లాక్కుని ఒకటే అన్నాడు.

"గోదాల ఒకని కొంప ముంచినవ్, చాలదా? ఇప్పుడు నా కోడె మీద పడ్డవా?"

అంతదాకా నవ్వినవాళ్ళు ఒక్కరూ మళ్ళీ నవ్వలేదు. అయిజ జాతర అయి పది నెలలైనా ఊళ్ళన్నీ ఇంకా దాన్ని నెమరువేస్తూనే ఉన్నాయి. నన్నెరిగినవాళ్ళు తక్కువని నాగర్‌కర్నూలు వచ్చి పడ్డాను గాని, ఆ మాట నాకంటే ముందే ఈ ఊరు చేరింది.

ఒంటరిగా ఉంటే పాతవి గుర్తొస్తాయి. ఈ పని మొదలైంది నీ వల్లనే సాయమ్మా. మన పెళ్ళయిన ఏడు గద్వాలలో కుస్తీలు పెట్టారు. మగవాళ్ళు గోదా చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. మీ ఆడవాళ్ళ బండ్లు ఎక్కడో వెనక ఉన్నాయి, దుమ్ము తప్ప మీకేమీ కనబడదు. అక్కడేమవుతున్నదో జర చెప్పమని నువ్వు మల్లమ్మ చేత అడిగించావు. కొత్త పెళ్ళికొడుకును, హుషారు. బండి నొగల మీదికెక్కి చెప్పడం మొదలుపెట్టాను. నీ ఒక్కదానికే చెప్పాననుకున్నాను, చూస్తే వెనకనున్న ఊరంతా చెవి ఇటు పెట్టింది. ఆ విద్య నాకు మగ్గం మీద అబ్బింది. గద్వాల చీర అంచు ఒక్కడు నేయలేడు. మా నాయన ఒక పక్క, నేను ఒక పక్క కూర్చునేవాళ్ళం. ఇటు ఏ పోగు విడుస్తున్నానో, ఏది లేపుతున్నానో చేతులు ఆడుతుండగానే అటువాడికి చెబుతూ ఉండాలి. ఒక్క పోగు తప్పు చెబితే అంచంతా పాడు. జరిగింది జరిగినట్టు, జరుగుతుండగానే, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పడం అక్కడ నేర్చుకున్నాను.

తర్వాతి పదహారేళ్ళు నీకు తెలిసినవే. గొంతు బాలకిష్టయ్య బండెక్కందే జోడు విడవవద్దు అనేవారు పెద్దలు. మా అమ్మది రాయచూరు వైపు కనుక సరిహద్దు జాతరల్లో ప్రతి ముక్కా రెండుసార్లు చెప్పేవాణ్ణి, ముందు కన్నడంలో, వెంటనే తెలుగులో. చూపు పోయిన ముసలివాళ్ళు కూడా మనవల భుజాలు పట్టుకుని కుస్తీ చూడ్డానికి వచ్చేవారు. నాకు తలపాగా చుట్టి ఊరేగించిన ఊళ్ళున్నాయి. ఆ తలపాగాలన్నీ కలిపి నువ్వు బొంత కుట్టావు. అది కప్పుకుంటే దర్జాగా నిద్ర పట్టేది.

మొన్న ఇక్కడ యుద్ధానికి చందాల సభ పెట్టి పట్నం నుంచి మైకు తెచ్చారు. దాని ముందు నిలబడి జనాన్ని పిలవమని నన్ను తోలారు. నేను అలవాటు కొద్దీ మైదానం అవతలికి వినబడేలా కేకేశాను. ముందు వరసవాళ్ళు చెవులు మూసుకున్నారు, ఒక పసిపిల్ల ఏడ్చింది. మైకు తెచ్చిన కుర్రవాడు, మర్యాద తెలిసినవాడే, జర మెల్లగ మాట్లాడు పెద్దాయనా, దీనికి గొంతు అక్కర్లేదు అన్నాడు. అతని తప్పేం లేదు.

యుద్ధం వచ్చాక నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన సంగతి నీకు చెప్పేదేముంది. మన వాడకట్టు తిరుపతయ్య మనవాళ్ళను షోలాపూర్ మిల్లుకు తీసుకుపోతున్నాడు. శివరాత్రి మర్నాడు గద్వాలలో రైలెక్కుతారట. నన్నూ రమ్మన్నాడు. ఆ మిల్లులో మరల చప్పుడుకు పక్కవాడి మాట పక్కవాడికి వినబడదట, అందరూ సైగలతో మాట్లాడుకుంటారట. నాకు తగిన చోటే. నువ్వు గద్వాల ఇంటికి వస్తానంటే పోను. రానంటే పోతాను. మధ్యేమార్గం నాకు తోచడం లేదు. అవునో కాదో ఒక్క ముక్క రాయించు.

నీ రాక కోరే
బాలకిష్టయ్య


పెబ్బేరు,
పుష్య బహుళ విదియ.

సాయమ్మకు,

ఈ ఉత్తరం లక్ష్మీదేవమ్మగారు తలుపు దగ్గరికి వేసుకుని చదవాలని వేడుకుంటున్నాను. ఇందులో సంగతి కురుమూర్తి చెవిన పడకూడదు. అది మొదటే చెబుతున్నాను.

నువ్వు జవాబు రాయించలేదు. నేనూ ఇంక రాయకూడదనే అనుకున్నాను. ఇవాళ సంతలో వనపర్తి కుస్తీ తాలీంలో పహిల్వాన్లకు ఒళ్ళు పట్టే వెంకటయ్య కనిపించాడు. కురుమూర్తి ఎట్లున్నాడని అడిగాను. తాలీం మాని ఐదు నెలలైంది, ఉస్తాదు పిలిచినా పోవడం లేదు, గోదా మట్టి మొహం చూడడం లేదు, కిరాణా కొట్లో మూటలు ఎత్తుతున్నాడు అన్నాడు. ఏ పిల్లవాడి కుస్తీ నిలవాలని నేను నా పేరు పోగొట్టుకున్నానో, వాడే కుస్తీ మానేశాడు. ఇంక దాచి ఎవరిని ఉద్ధరించాలి? నీకైనా చెప్పకపోతే ఈ బరువుతో షోలాపూర్ దాకా పోలేను.

అయిజ జాతర నాడు నువ్వు రాలేదు. జరిగింది నీకు ఊరివాళ్ళు చెప్పారు, కురుమూర్తి చెప్పాడు, నేను మాత్రం చెప్పలేదు. ఇప్పుడు విను.

జోడు మన కురుమూర్తికీ, రాయచూరు వైపు బసప్పకూ. అటునుంచి వచ్చిన జనమే ఎక్కువ. మూడు గడియలు పట్టారు. బసప్ప బరువైనవాడు, పట్టు దొరికితే వదలడు. మనవాడి కుడి చెవి చినిగి మెడ మీదికి నెత్తురు కారుతున్నది. నేను బండి మీద నిలబడి అన్నీ చెబుతూనే ఉన్నాను, చెవి సంగతి తప్ప. చెప్పేవాడికి అది తప్పే, కంటికి కనబడింది చెప్పి తీరాలి. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పుడే నేను దిగిపోవలసింది.

చివరికి మనవాడు బసప్పను కింద వేసుకున్నాడు. ఒక భుజం మట్టికి ఆనింది. రెండోది నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంది. ఇంకొక్క తోపు తోస్తే అయిపోతుంది. కాని మనవాడికి ఊపిరి అయిపోయింది. కాళ్ళు వణకడం నాకు కనబడింది. ఆరేళ్ళ వయసులో, మీ అమ్మా నాయనా పోయాక, నీ పెళ్ళి బండిలో నీ ఒడి పక్కన కూర్చుని మన ఇంటికి వచ్చాడు చూడు, ఆ పూట జ్వరంతో వాడి కాళ్ళు అట్లాగే వణికాయి. నాకు అది కళ్ళ ముందు ఆడింది. నేను బండి మీద ఉన్నానని, నా చేతిలో బాకా ఉందని, అటూ ఇటూ జనం నా మాట మీద ఆధారపడి ఉన్నారని మరిచిపోయాను. నోటినుంచి కేక వచ్చేసింది. బిడ్డా, అన్నాను.

అంతే అన్నాను. పడ్డాడని చెప్పలేదు. కాని కన్నడంలో 'బిద్ద' అంటే పడ్డాడని అర్థం. గెలుపోటములు తేలాయని చెప్పడానికి నేను ఆ వైపు జాతరల్లో ఎప్పుడూ వేసే కేక అదే. రేకు బాకాలోంచి పోయే మాటలో ద ఏదో డ ఏదో ఎవరు పట్టగలరు? రాయచూరు జనం బసప్ప పడ్డాడనుకుని ఒక్కసారి లేచి గోల చేశారు. కురుమూర్తికి మన ఇంట్లో మా అమ్మ దగ్గర కన్నడం వచ్చింది కదా, వాడూ అట్లాగే విన్నాడు. అయిపోయిందనుకుని పట్టు సడలించి తల ఎత్తాడు. బసప్ప ఒక్క దొర్లు దొర్లి వాణ్ణి కింద వేసి రెండు భుజాలూ మట్టికి ఆనించాడు. ఈసారి నిజంగా 'బిద్ద' అని చెప్పవలసింది నేనే. చెప్పాను.

తర్వాత పెద్దలు కూర్చున్నారు. ఎందుకు విడిచావని కురుమూర్తిని అడిగారు. మా బావ పడ్డడని కేకేసిండు, విడిచిన అన్నాడు. నన్ను అడిగారు. నిజం చెప్పడానికే నోరు తెరిచాను సాయమ్మా. అప్పుడు తోచింది. బండి మీద నిలబడినవాడు తన బామ్మర్దికి ధైర్యం చెప్పాడని ఒప్పుకుంటే వాళ్ళు ఊరుకుంటారా? అంతకు ముందు కురుమూర్తి గెలిచిన ఏడు జోళ్ళలో నాలుగింటికి చెప్పింది నేను. దుమ్ములో భుజం ఆనిందో లేదో పెద్దలకు కనబడనప్పుడు నా మాటే ఆఖరు మాట అయింది. ఆ నాలుగు గెలుపులూ దొంగ గెలుపులంటారు. ఇరవైరెండేళ్ళవాడు, ముందున్నది వాడికి. కనుక, కన్ను తప్పింది, పడకుండానే పడ్డాడన్నాను అని చెప్పాను. కన్ను తప్పినవాడితో నష్టం వాడొక్కడికే. పక్షం వహించినవాడైతే తనవాణ్ణి కూడా ముంచుతాడు. లెక్క సరిగానే వేశాననుకున్నాను.

అంతటితో నన్ను బండెక్కనిచ్చినవాడు లేడు. అది భరించాను. పది రోజులకు మనకు కంట్రోలు నూలు వంతు వచ్చింది. ఆర్నెల్లుగా ఎదురుచూసిన వంతు, అదే వారం రావాలా? బసప్ప తరఫువాళ్ళు గొంతు బాలకిష్టయ్యకు నూలు కట్ట ఇచ్చి కేక వేయించారని గద్వాలంతా పాకింది. వాడకట్టులో ఎవరు అన్నా నాకు పట్టలేదు. నువ్వు వంటింటి గడపలో నిలబడి, ఈ నూలు ఎక్కడిది అని అడిగావు. అడగడం తప్పు కాదు. నా ఒళ్ళు మండింది. పదహారేళ్ళు కాపురం చేసిన దానివి నువ్వు కూడా అడుగుతావా అనుకున్నాను. నోరు బిగించుకున్నాను. మాట్లాడకపోవడమే ఒప్పుకోలని నువ్వు అనుకున్నావు. మర్నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వనపర్తి పోయావు. ఆ నూలు ముట్టలేదు, ఇప్పటికీ అటక మీదే ఉంది, ఎలుకలు కొట్టకపోతే.

ఇంకొకటి ఉంది. ఇది రాయడం అన్నిటికంటే కష్టం. మన పక్క ఊళ్ళలో దారిన పోయే పిల్లను కూడా బిడ్డా అంటారు. మన ఇంట్లో మాత్రం ఆ మాట నేను ఎన్నడూ అనలేదు. నీకు మూడు కాన్పులు నిలవలేదు. మూడోసారి తర్వాత పక్కింటి మనిషి తన కూతుర్ని అట్లా పిలుస్తుంటే నువ్వు చాట కింద పెట్టి లోపలికి పోవడం చూశాను. ఆనాడే అనుకున్నాను, ఈ ఇంట్లో ఆ మాట వినబడకూడదని. కురుమూర్తిని ఒరే అన్నాను, గాడిద అన్నాను, పహిల్వాన్ అని ఎగతాళి చేశాను. ఆ మాట మాత్రం పదహారేళ్ళు గొంతులోనే ఉంచాను. అది పోయి పోయి అయిజ గోదాలో బయటపడింది. వాడి బతుకు మీద పడింది.

కురుమూర్తికి ఇదేమీ చెప్పకు. బావ కన్ను తప్పింది, వాడి పట్టుకు లోటు లేదు, తాలీంకు పొమ్మని మాత్రం చెప్పు. నాతో నీకు పని లేకపోతే సరే. శివరాత్రి మర్నాడు నేను షోలాపూర్ రైలెక్కుతాను. అక్కడినుంచి ఉత్తరాలు రాసి నిన్ను వేధించను.

తప్పు చేసిన నీ
బాలకిష్టయ్య


వనపర్తి,
మాఘ బహుళ తదియ.

బావకు కురుమూర్తి నమస్కరించి రాస్తున్నది.

అక్క నా పక్కనే కూర్చుని ఉంది. ముందు నా సంగతి రాయమన్నది, తర్వాత తను చెప్పింది చెప్పినట్టు ఒక్క అక్షరం మార్చకుండా రాయాలని ఆన పెట్టింది.

మీరు లక్ష్మీదేవమ్మగారిని తలుపు వేసుకోమన్నారు. ఆమె వేసుకుంది కూడా. మొదటి నాలుగు ముక్కలు చదివి, ఇది కురుమూర్తి వినకూడదట అన్నదట. అక్క ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని నేరుగా నేను మూటలెత్తే కొట్టుకు వచ్చి, నా చేతిలో పెట్టి, నువ్వే చదువు అన్నది. జొన్న మూటల మధ్య నిలబడి గట్టిగా చదివాను. మీరు వేసిన కేక దగ్గరికి వచ్చేసరికి కాగితం దించేశాను. అక్క, ఏమయిందిరా, చదువు అన్నది. చదవడం కాదు అక్కా, చెప్పవలసింది నాకూ ఉంది అన్నాను.

బావా, నేను పెద్దల ముందు అబద్ధం చెప్పాను. పడ్డాడని మీరు కేకేసినట్టు నాకు వినబడలేదు. రాయచూరు జనానికి వినబడిందేమో. ఆరేళ్ళప్పటినుంచి మీ గొంతు వింటున్నవాణ్ణి, రేకు బాకాలోంచి వచ్చినా, ఉరుములోంచి వచ్చినా మీ ద ఏదో మీ డ ఏదో నాకు తెలియదా? మీరు బిడ్డా అన్నారు. నేను సరిగ్గానే విన్నాను. మా బావ ఎవరిని పిలిచాడని తల ఎత్తి చూశాను. మీరు నన్నే చూస్తున్నారు. అంతే, నా చేతుల్లో సత్తువ లేకుండా పోయింది. బసప్ప దొర్లింది నాకు తెలియనే లేదు. వీపు మట్టికి తగిలాక తెలిసింది.

పెద్దలు ఎందుకు విడిచావని అడిగితే ఆ మాట ఎట్లా చెప్పను? ఇంత ఒళ్ళు పెంచినవాడు బిడ్డా అంటే కరిగి పట్టు విడిచాడని తాలీంలో నవ్వరా? నోటికి వచ్చింది చెప్పాను. మీరు కాదంటారు, నన్ను దులిపేస్తారు అనుకున్నాను. మీరు, అవును, నా కన్ను తప్పింది అన్నారు. అప్పుడు నాకు భయం వేసింది. ఎందుకన్నారో తెలియలేదు. నూలు మాట పుట్టినప్పుడు అదే కారణమేమోనని ఒక పూట నేనూ అనుకున్నాను, ఆ పాపం నాదే. ఆ అనుమానం లేని పూట కూడా, నోరు విప్పితే నా అబద్ధం బయటపడుతుందని ఊరుకున్నాను. మిమ్మల్ని ఊళ్ళన్నీ తిడుతుంటే వింటూ గోదాలో మట్టి పూసుకోవడం నాచేత కాలేదు. అందుకే తాలీం మానేశాను.

మూడో రోజు అక్క, పో, ఎవల ముందర అబద్ధం చెప్పినవో వాళ్ళ ముందరనే నిజం చెప్పిరా అన్నది. ఉస్తాదును వెంటబెట్టుకుని అయిజ పోయాను. అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరు నవ్వారు. బసప్పను కూడా పిలిపించారు, అతను నవ్వలేదు. నూలు మాట ఉత్తదని, మా వైపునుంచి ఎవరూ ఏమీ ఇవ్వలేదని అతనే తన దేవుడి మీద ఒట్టేసి చెప్పాడు. పెద్దలు ఆ మాట ఊళ్ళన్నిటికీ చాటింపు వేయిస్తామన్నారు. మీరు చెప్పగా నేను గెలిచిన నాలుగు జోళ్ళలో ఓడినవాళ్ళు ఇద్దరు నాతో మళ్ళీ కుస్తీ పడతామన్నారు. సరే అన్నాను. నిన్నటినుంచి తాలీంకు పోతున్నాను, ఒళ్ళు మొద్దుబారింది, వెంకటయ్య తిడుతూ మర్దన చేస్తున్నాడు.

ఒకటి మాత్రం నేను ఎంత చెప్పినా పెద్దలు వినలేదు. గోదాలో ఉన్నవాణ్ణి బిడ్డా అన్నవాడు ఇంక బండెక్కకూడదు అన్నారు. ఏ జాతరలోనూ మిమ్మల్ని పిలవరు. కన్ను తప్పిందన్న మాట మీద ఉండి ఉంటే నాలుగేళ్ళకు మళ్ళీ పిలిచేవారేమో. నేను నిజం చెప్పి మీ పనికి ఆ ఆశ కూడా లేకుండా చేశాను. మీ గొంతు లేని గోదాలోకి దిగడం నాకూ బాగుండదు. క్షమించండి బావా.

ఇక్కడినుంచి అక్క మాటలు.

నీ మొదటి మూడు ఉత్తరాలు అందినయి. ఒకదాంట్ల నీ గొంతు సంగతి, ఒకదాంట్ల సత్రం అన్నం సంగతి, ఇంకొకదాంట్ల కోడె సంగతి. నేను అడిగింది నూలు సంగతి. అది ఒక్కదాంట్ల లేదు. గందుకే జవాబు రాయియ్యలే. ఊరోళ్ళ మాట ఇంట్లకు తెచ్చి నిన్ను నిలదీసిన, అది నాది తప్పే. అడిగినప్పుడు చెప్పకపోతివి, అది నీది. ఇద్దరిది సరిపాయె.

ఇంకొక మాట రాసినవు. మన ఇంట్ల బిడ్డా అనకుండ నోరు కట్టుకున్నవంట, నా దుక్కం చూసి. నిన్ను ఎవలు కట్టుకోమన్నరు? నేను సుత కట్టుకున్న. నాకు కాన్పులు నిలవకపాయె, ఆ మాట వింటె ఈ మనిషి మనసు ఏమైతదో అని, నీ ముందర నేను అనలే. కడుపుల దాసుకుని పెంచిన తమ్మున్ని, ఇంట్ల నువ్వు లేనప్పుడు సుత అనలే. ఇద్దరం ఒకరికొకరం అడ్డం బెట్టుకుని ఆ పోరనికి పదారేండ్లు ఆ మాట లేకుంట జేసినం. వినక వినక వినేసరికి వాడు మట్టిల పడె. వాడు ఈ ముక్క రాయనంటుండు. రాయిరా అని మొట్టిన. ఇప్పుడు రాస్తుండు, కండ్లు తుడుసుకుంట.

గోదాల చెప్పే పని పోయింది. పోనీ. మైకులు వచ్చినంక ఎట్లనో పోతుండె. నూలు అటక మీద ఉన్నదంటివి గదా, మంచిదైంది. చీర అంచు ఒక్కరు నేయలేరు, రెండో దిక్కు కూసునేటందుకు మనిషి కావాలె. నాకు చేతగాదని నువ్వు అనొద్దు, చెప్పుకుంట పోతే చేస్త.

షోలాపూర్ తిరుపతయ్యకు నీ తావుల వేరేటోన్ని చూసుకొమ్మని చెప్పు. నేను ఐతారం పొద్దుగాల వనపర్తి రోడ్డు కాడ రైలెక్కి గద్వాలకు పోతున్న. కురుమూర్తి వచ్చి దింపిపోతడు. ఏడాది దుమ్ము ఊడ్సేసరికి సోమారం అయితది. నువ్వు మంగళారం రా.

ఇంక ఉత్తరం రాయకు. రాస్తే ఎవలతోని చదివియ్య. ఏం చెప్పేదున్నా వచ్చి నోటితోని చెప్పు. అరవకు, పక్కనే ఉంట.

ఇట్లు,
సాయమ్మ
బొటనవేలి ముద్ర ఆమెదే, సిరా నాది. కురుమూర్తి.